తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారి చరిత్రము

మన వార్షిక మహాసభ చివ్వెంలలో జరుగనున్నదని వినిన దినముననే ఈ వ్యాసము వ్రాయవలెనను సంకల్పము మాకు కలిగెను. సూర్యాపేటనుండి బయలుదేరిన రాజమార్గము చివ్వెంల మండలమందలి దురాజుపల్లి గట్టు ప్రక్కగా సాగి, తూర్పున మునగాల దాటి కోదాడ చేరును. ఆ కోదాడ చెంతనున్న గుడిబండ గ్రామము తెలుగు చలనచిత్రములకు ఒక రాకుమారుని ఇచ్చినది. మహాసభకు విచ్చేయువారిలో పలువురు ఆ మార్గముననే రాగలరు. కావున ఆ గ్రామముపేరును, ఆ మహానటుని పేరును ఈ సంచికలో ఒక్కమారైన స్మరింపకుండుట న్యాయము కాదని తోచినది.

మన సంచికలలో ఏటేట వేదపండితులయొక్కయు, న్యాయవాదులయొక్కయు, సత్రములు కట్టించిన దాతలయొక్కయు చరిత్రములు వెలువడుచుండుట అందరు నెరిగినదే. అది యుక్తమే. కాని మొగమున రంగు పూసికొని, తగరపు కిరీటము ధరించి, కఱ్ఱకత్తి త్రిప్పి బ్రతికినవాని చరిత్రమునకు ఇందు చోటు కలదా యని ఒక పెద్దమనిషి మమ్ము ప్రశ్నించిరి. కలదనియే మా అభిప్రాయము. అంతియకాదు, ఆ ప్రశ్నకు సమాధానము వ్రాయుటకే ఈ వ్యాసము పూనుకొంటిమి.

తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారు 1923 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన గుడిబండయందు బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. లోకము వారిని కాంతారావనియే యెరుగును. పామరలోకము కత్తి కాంతారావని పిలుచుకొనును. నాటికి నల్లగొండ జిల్లా నిజాము ప్రభువుల యేలుబడిలోనిది. కచ్చేరీలలో ఉర్దూ, బడులలో ఉర్దూ. తెలుగు ఇంటిలో మాటలాడుకొనుటకును, గుడిలో పురాణము వినుటకును మాత్రమే మిగిలినది. కాంతారావుగారు పుట్టుటకు ముందటి యేట, అనగా 1922 లో, షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను వెలువరించిరి. అట్టి యత్నము చేయుటకే సాహసము కావలసిన దినములవి.

అయినను కోదాడ ప్రాంతమునకు ఒక విశేషము కలదు. దానికి ప్రక్కనేయున్న మునగాల పరగణా నిజాము భూముల నడుమ ద్వీపమువలె నిలిచి, ఇంగ్లీషువారి క్రిందనున్న కృష్ణా జిల్లాలో చేరియుండెను. మునగాల ప్రభువులైన రాజా నాయని వేంకటరంగారావుగారును, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారును 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పినవారిలో ముఖ్యులు. విజ్ఞాన చంద్రికా మండలియు వీరి చలువయే. కోదాడనుండి తూర్పుగా కొలది క్రోసులు పోయినచో జగ్గయ్యపేట, అచ్చటనుండి బెజవాడ, అచ్చటనుండి రైలులో మదరాసు. నిజాము రాష్ట్రమందలి తక్కిన తెలుగు పల్లెలకు హైదరాబాదు దగ్గర. కోదాడ పల్లెలకు ఎల్ల దగ్గర. ఎల్లకావలి గ్రామములందు ఆడిన పద్యనాటకము ఎల్లకీవల వినబడకుండునా? కాంతారావుగారు చిత్రములలోనికి పోకమునుపు నాటకరంగముననే తొలి అడుగులు వేసిరి. తిరుపతి వేంకటకవుల పాండవ నాటక పద్యములు గొడ్లకాచువారి నోళ్ళలో సైతము నానుచుండిన ఆ కాలమున, పల్లెనుండి ఒక బాలుడు నటుడు కావలెనని తలంచుట వింత కాదు. వింతయైనది వేరొకటి. బ్రాహ్మణుని ఇంట పుట్టినవాడు వేషము కట్టుటయే ఆనాడు పెద్దలకు వింతగను, మఱికొందరకు వెగటుగను తోచెను.

ఈ విషయమున మనవారి ప్రవర్తన ఎన్నడును సరళముగా లేదు. బళ్ళారి రాఘవాచార్యులుగారు న్యాయవాదియై ఉండి నాటకమాడినపుడు, ఆయన న్యాయవాదిత్వమును ముందు చెప్పి నటనను పిమ్మట చెప్పుకొనిరి. కూచిపూడి భాగవతులు తరతరములుగా వేషము కట్టినను, వారి విద్యను దైవకార్యమని సమాధానము చెప్పుకొనిరి. కాని కూలికి వేషము కట్టువానిని పంక్తిలో కూర్చుండబెట్టుటకు మన పెద్దలు కొంత సంకోచించిరన్న మాట మఱుగుపఱచి ప్రయోజనము లేదు. ఆ నటుడే పేరు సంపాదించిన పిదప, పంక్తిలో ముందు విస్తరి ఆయనకే వేసిరనుటయు సత్యమే.

1934 లో సురవరము ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల వివరములతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. తెలంగాణమున కవులు లేరని యెవరో వ్రాసినదానికి అది సమాధానము. నటుల విషయమునను అట్టి మాటయే చిరకాలము చెల్లినది. దానికి సంచిక వేయలేదు గాని, సమాధానముగా ఇద్దరు మనుష్యులు నిలిచిరి. కరీంనగరమున 1909 లో జన్మించిన పైడి జైరాజుగారు బొంబాయి చేరి, మూకచిత్రముల కాలముననే నాయక పాత్రలు ధరించి, హిందీ చిత్రములలో స్థిరపడి, 1980 సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారమును అందుకొనిరి. రెండవవారు కాంతారావుగారు. ఒకరు పడమటికి పోయిరి, ఒకరు దక్షిణమునకు పోయిరి. హైదరాబాదు రాష్ట్రపు చదువు ఉర్దూలో చదివినవానికి బొంబాయి దగ్గర కావచ్చును. కోదాడ తెలుగువానికి మదరాసే దిక్కయ్యెను. సొంత గడ్డపై చిత్రమను మాటయే లేని కాలమున, కళ కొరకు ఇద్దరును ఊరు విడువవలసివచ్చెను.

1948 సెప్టెంబరులో భారతసేనలలో ఒక భాగము బెజవాడనుండి ఈ మార్గముననే కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా నడిచెను. అంతకు ముందును వెనుకను ఈ ప్రాంతము సాయుధపోరాటములో కాగిపోయినది. ఊళ్ళలో రాత్రి నిద్రపట్టని దినములవి. నాటికి కాంతారావుగారికి ఇరువదినాలుగేండ్లు. మఱి రెండు మూడేండ్లలో వారు మదరాసున చిత్రశాలల వాకిళ్ళలో నిలిచియుండిరి.

తెలుగున తొలి సంపూర్ణ వాక్చిత్రమైన భక్త ప్రహ్లాదను 1932 లో అందించిన హెచ్. ఎం. రెడ్డిగారే కాంతారావుగారికి త్రోవ చూపిరి. వారి సంస్థయందు 1951 నాటి నిర్దోషిలో చిన్న వేషమును, 1953 నాటి ప్రతిజ్ఞలో నాయక వేషమును లభించెను. ప్రతిజ్ఞ మఱియొక కారణమునను జ్ఞాపకముంచుకొనదగినది. రాజనాల కాళేశ్వరరావుగారు తెరపై తొలుత కనబడినది ఆ చిత్రముననే. ఆ పిమ్మట ఇరువది యేండ్లపాటు తెలుగు పల్లెలు రాజనాలను తిట్టి, కాంతారావును దీవించినవి. ఒకే చిత్రమున తొలి పరిచయము పొందిన ఇద్దరు మనుష్యులు, జీవితమంతయు ఒకరిమీద నొకరు కత్తులు దూయుచు అన్నము సంపాదించుకొనిరి. ఇట్టి జంట మన రంగస్థల చరిత్రమున మఱి యెచ్చటనైన కలదేమో మాకు తోచుటలేదు.

ప్రతిజ్ఞ వెలువడిన పిదప వారి దశ తిరిగినదని వ్రాయుట సులభము. అట్లు జరుగలేదు. ఆ దశకమున తెలుగు తెర నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావుగారల వశమైయుండెను. మూడవవానికి మిగిలినది రెండే మార్గములు. పెద్ద చిత్రములలో రెండవ స్థానము, లేదా చిన్న చిత్రములలో మొదటి స్థానము. కాంతారావుగారు రెండును స్వీకరించిరి. ఈ రెంటిని వేరువేరుగా చూచినగాని వారి విలువ తెలియదు.

మొదట పెద్ద చిత్రముల మాట. 1963 వ సంవత్సరమును గమనింపుడు. ఆ యేడు జనవరిలో శ్రీకృష్ణార్జున యుద్ధము వెలువడెను. రామారావుగారు కృష్ణుడు, నాగేశ్వరరావుగారు అర్జునుడు, కాంతారావుగారు నారదుడు. మార్చిలో లవకుశ వెలువడెను. రామారావుగారు రాముడు, కాంతారావుగారు లక్ష్మణుడు. అక్టోబరులో నర్తనశాల వెలువడెను. ఇందు రామారావుగారు అర్జునుడును బృహన్నలయును కాగా, కాంతారావుగారు కృష్ణుడు. సంవత్సరారంభమున ఎవరి కృష్ణునికి నారదుడై వీణ మీటిరో, సంవత్సరాంతమున వారికే తాము కృష్ణుడై హితము చెప్పిరి. ప్రేక్షకులు దీనిని చూచి నవ్వలేదు, సందేహింపలేదు. ఒక్క నటుని ముగ్గురు పూజ్యులుగా ఒకే సంవత్సరమున నమ్మిరి. 1965 లో పాండవ వనవాసమునను కృష్ణుడు వారే.

లవకుశలోని లక్ష్మణుని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఉత్తరరామాయణమున లక్ష్మణుని పాలబడిన పనికంటె కఠినమైన పని మఱొకటి లేదు. అన్న ఆజ్ఞ మీఱరాదు. వదినెకు నిజము చెప్పుటకు నోరు రాదు. గర్భవతియైన సీతను రథమెక్కించి అడవికి తోలుకొనిపోవువాని మొగమున ఏముండవలెను? ఏడ్చినచో ఆమె ముందే గ్రహించును. ఏడువకున్నచో చూచువారు క్షమింపరు. కాంతారావుగారు ఆ దారి పొడవున కన్నీటిని కంటిలోనే నిలిపియుంచిరి. మాటలు తక్కువ, తలవంపు ఎక్కువ. అంజలీదేవిగారి సీతను చూచి స్త్రీలు ఏడ్చిరి. లక్ష్మణుని చూచి, ఇంటిపెద్ద మాట కాదనలేక లోలోన కుమిలిన చిన్నవారందరు ఏడ్చిరి. తెలుగున పూర్తిగా వర్ణములతో తీయబడిన తొలి కథాచిత్రమని లవకుశకు పేరున్నది. పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని పోయి చూచిరి. ఆ బండ్లలో కొన్ని మా ప్రాంతపువియు నుండెనని మా పెద్దలు చెప్పగా వింటిమి. దుక్కికి సెలవు పెట్టి, పెరుగన్నము మూటగట్టుకొని, సూర్యాపేటకు పోయి ఆట చూచి, తెల్లవారుజామున ఇల్లు చేరి, మఱల అరకకు పోవుట వారికి పండుగ.

నారదుని సంగతియు ఇట్టిదే. 1960 లో దీపావళి, 1961 లో సీతారామ కల్యాణము, 1966 లో శ్రీకృష్ణ తులాభారము. ఎచ్చట నారదుడు కావలసిన అచ్చట కాంతారావుగారు. నారదుని హాస్యగానిగా మార్చుట మన నాటకముల వాడుక. వీరి నారదుడు నవ్వుచునే ఉండును గాని నవ్వులపాలు కాడు. కలహము పెట్టువాని కన్నులలో, ఆ కలహము చివర ఏమి జరుగునో తెలిసినవాని శాంతముండవలెను. దానిని వారు పట్టుకొనిరి. పాట వెనుకనుండి గాయకుడు పాడుచున్నను, ఆ శాంతము నటునిదే కదా.

ఇంతవరకు చెప్పినది రెండవ స్థానపు కథ. 1962 నాటి రక్తసంబంధములో సావిత్రిగారికి భర్తగా సాంఘిక పాత్రను సైతము చక్కగా పోషించిరి. 1969 లో విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర నవల చిత్రమైనపుడు రామారావుగారు సేతుపతియు, కాంతారావుగారు వీరభూపతియు నైరి. ఇందు రెండవ స్థానమన్న మాటయే లేదు, ఇద్దరు మిత్రుల దుఃఖమును సమానమే. ఆ చిత్రము మఱికొంత ఆదరము పొందదగినదని మా మతము.

ఇక చిన్న చిత్రముల మాట. మాకు ఎక్కువ ప్రియమైనది ఇదియే. బి. విఠలాచార్యగారను దర్శకులు స్వల్పమైన పెట్టుబడితో జానపద చిత్రములు తీయుటలో నేర్పరులు. 1959 లో జయవిజయ, 1960 లో కనకదుర్గ పూజామహిమ, 1961 లో వరలక్ష్మీ వ్రతము, 1963 లో గురువును మించిన శిష్యుడు, 1964 లో నవగ్రహ పూజామహిమ, 1965 లో జ్వాలాద్వీప రహస్యము. వరుసగా కాంతారావుగారే వీనియందు నాయకులు. కథ యేమనగా, ఒక రాకుమారుడు, ఒక రాకుమారి, రాజ్యమును కాజేయగోరు సేనాధిపతి, గుహలో ఒక మాంత్రికుడు, మాటలాడు చిలుక, ఎగురు తివాసి. పండితులు వీనిని చూచి పెదవి విఱిచిరి. పత్రికలవారు నాలుగు పంక్తులతో సరిపెట్టిరి. కాని పట్టణపు మేడలలో విమర్శలు వ్రాయువారికి తెలియనిదొకటి కలదు. కాశీమజిలీ కథలును, భట్టివిక్రమార్కుని కథలును వెన్నెలలో విని పెరిగిన పల్లెవానికి ఆ కథ కంటికి కనబడుటయే అద్భుతము. తాతచెప్పిన రాకుమారునికి అదివరకు మొగము లేదు; కాంతారావుగారు ఆ మొగమైరి.

వారి కత్తి గూర్చి వేరుగా చెప్పవలెను. ఆనాటి జానపద చిత్రమున కత్తియుద్ధము చివరి అరగంట. నేటివలె యంత్రముల సాయము లేదు. నటుడు స్వయముగా మెట్లెక్కవలెను, బల్లలు దాటవలెను, తాడుపట్టి ఊగవలెను. ఎదుటివాడు కత్తి ఎత్తిన క్షణముననే తాను వంగవలెను. ఒక్క అడుగు తప్పినచో గాయము నిజమైనది. రాజనాలగారును వీరును ఎన్నిమార్లు అభ్యసించిరో గాని, ఇద్దరి అడుగులును ఒక తాళమునకు పడినట్లుండును. కాంతారావుగారి కత్తిపట్టులో కోపము కనబడదు. మణికట్టు వదులుగా, నడుము నిటారుగా, పెదవిపై చిన్న నవ్వుతో పోరాడుదురు. ఆ నవ్వే పిల్లలను పట్టినది. ఆట చూచి వచ్చిన మఱునాడు చేలలో జొన్నదంటులు కత్తులగును. చింతక్రింద రాజ్యములు పోవును, వచ్చును. అందరును కాంతారావే కావలెననువారు. రాజనాల కాగోరువాడు లేక, బలహీనుని ఒకనిని పట్టి రాజనాలను చేయుదురు. మేమును ఒకప్పుడు అట్లు రాజనాలమైనవారమే.

చివ్వెంల సోదరులకు దురాజుపల్లి పెద్దగట్టు లింగమంతులస్వామి జాతర గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. రెండేండ్లకొకమారు జరుగు ఆ జాతరకు ముఖ్యులు యాదవ సోదరులు. వచ్చువారు అన్ని కులములవారు. తెలంగాణమున మేడారము తరువాత ఇంత జనము చేరు జాతర ఇదియేనని ప్రతీతి. ఆ జనసముద్రమును చూచినపుడెల్ల మాకొక తలంపు కలుగును. కాంతారావుగారి ప్రేక్షకులు వీరే. గొఱ్ఱెలు కాచువారు, కల్లుగీయువారు, మగ్గము నేయువారు, కూలికి పోవువారు. వీరు నాలుగణాల టిక్కెట్టు కొని నేలపై కూర్చుండి వేసిన ఈలలే ఆ రాకుమారునికి పట్టాభిషేకము. ఆయన కులము వారిలో ఎవరు అడిగిరి? అడిగినను వారికేమి కావలెను? కులసంఘపు సంచికలో వ్రాయుచు ఈ మాట వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను సత్యమిది. ఆయనను మనవాడని మనము చెప్పుకొనుటకు పూర్వమే, మన హక్కునడుగకుండ, ఈ జనులు ఆయనను తమవాడని చేసికొనిరి.

కాలము మారెను. 1966 లో గూఢచారి 116 వంటి చిత్రములు వచ్చి, యువకుల చేతిలో కత్తికి బదులు తుపాకిని పెట్టెను. వర్ణచిత్రములు పెరిగినకొలది వ్యయము పెరిగెను. చవుకగా తీసి చవుకగా చూపుటయే ప్రాణమైన జానపద చిత్రమునకు అది యమపాశమయ్యెను. రాకుమారులకు పని తగ్గెను. సరిగా ఈ సంధికాలముననే కాంతారావుగారు నిర్మాతలైరి. తమ హైమా ఫిలింస్ సంస్థపై 1969 లో సప్తస్వరాలు తీసిరి. పిమ్మట గండర గండడు, ప్రేమజీవులు, గువ్వల జంట, తుదకు 1989 లో స్వాతి చినుకులు. ఇరువదియేండ్లలో ఐదు చిత్రములు. ఈ ఐదును వారి ఆస్తిని హరించినవి.

చిత్రనిర్మాణమను వ్యాపారము ఎట్టిదో మన చదువరులలో వ్యవసాయదారులకు సులభముగా తెలియును. విత్తనము నీది, వర్షము పరునిది. నిర్మాత తన సొమ్మును, వడ్డీకి తెచ్చిన సొమ్మును కలిపి చిత్రము మొదలుపెట్టును. పంపిణీదారులు కొంత ముందుగా ఇత్తురు. ఆ సొమ్ముతో చిత్రశాల అద్దె, ముడిఫిల్ము, నటుల జీతములు గడచును. నడుమ ఒక్క నెల ఆగినను వడ్డీ ఆగదు. చిత్రము ఆడినచో మొదట పంపిణీదారు తన సొమ్ము తీసికొనును, పిదప వడ్డీవ్యాపారి, ఏదైన మిగిలినచో నిర్మాత. ఆడనిచో ఈ వరుస తలక్రిందులగును. నష్టము మొదట చేరునది నిర్మాత ఇంటికే. నటుడై ఇతరుల చిత్రములలో సంపాదించినదంతయు ఈ వడ్డీగాదెలో పోసినవారు తెలుగు దేశమున కాంతారావుగారొక్కరే కారు. కాని నాలుగు వందలకు పైగా చిత్రములలో నటించి, ముదిమిలో చిన్న వేషములకును, దూరదర్శన ధారావాహికలకును పోవలసివచ్చుట చూచినవారికి కష్టము కలిగించెను.

ఇచ్చట మా అభిప్రాయమును దాచము. ఒక ఓటమి తరువాత మరల ఎందుకు తీసిరని లోకులు అడిగిరి. వ్యవహారజ్ఞానము లేదనిరి. మేమట్లు తలంపము. ముప్పది యేండ్లు ఇతరుల కథలో రెండవవాడై నిలిచినవానికి, ఒక్కమారైన తన కథను తాను చెప్పుకొనవలెనను కోరిక పుట్టుట దోషమా? లక్ష్మణునికి రాజ్యకాంక్ష లేదని కవి చెప్పెను. లక్ష్మణవేషము కట్టినవానికిని ఉండరాదని ఎవరు చెప్పిరి?

ఆయన ఎదుట కత్తి దూసిన రాజనాలగారి కథయు ఇంతకంటె మేలుగా లేదు. మధుమేహముచే కాలు పోగొట్టుకొని, లేమిని అనుభవించి, 1998 లో గతించిరి. తెరపై ఒకరు గెలిచి ఒకరు ఓడినను, తెర వెలుపల ఇద్దరికిని దక్కినది ఒక్కటే.

2000 సంవత్సరమునకు గాను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కాంతారావుగారికి రఘుపతి వేంకయ్య పురస్కారము ఇచ్చినది. డెబ్బదియేడేండ్ల వయసున అది కొంత ఊరట. వారు తమ జీవితకథను అనగనగా ఒక రాకుమారుడు అను పేర గ్రంథస్థము చేసిరి. 2009 మార్చి 22 వ తేదీన, హైదరాబాదున, కేన్సరు వ్యాధితో తమ యెనుబదియైదవ యేట స్వర్గస్థులైరి. మరుసటి యేట, 2010 డిసెంబరులో, కత్తి కాంతారావు అను పేరుతో ఒక హాస్యచిత్రము వెలువడెను. కథకు ఆయనతో సంబంధము లేదు. పేరు మాత్రమే వాడుకొనిరి. దానిని అవమానమని కొందరనిరి. మాకట్లు తోచలేదు. యాబదియేండ్ల క్రింద పల్లెపిల్లలు పెట్టిన ముద్దుపేరు, ఆ మనిషి పోయిన పిదపను గోడపత్రికపై అక్షరములుగా నిలుచుటకు తగినంత బలము కలిగియుండెనని అది తెలుపుచున్నది. అంతటి పేరు ఇంటిలో ఉండి, ఇంటివాడు చివరి దినములలో ఎట్లుండెనో కనుగొనకపోవుట ఎవరి అవమానము?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. కులసంఘపు సంచికలో నటునికి చోటు కలదా? కలదనుటకు, ఆయన మన ఇంట పుట్టెనను ఒక్కమాట చాలునని కొందరందురు. మాకది చాలదు. పుట్టుక ఆయన సంపాదన కాదు, మనదియు కాదు. ఆయన పచ్చగానున్న దినములలో మనలో పలువురము ఆయన మావాడని చెప్పుకొని పొంగితిమి. పెండ్లిపందిళ్ళలో ఆయనతో బంధుత్వము కలదని చెప్పినవారిని మేమెరుగుదుము. హైదరాబాదున ఆయన జబ్బుపడిన దినములలో మేము పోయి చూచితిమా? లేదు. ఎట్లున్నారని ఉత్తరము వ్రాసితిమా? లేదు. ఇది ఎవరిమీదనో వేయు నింద కాదు, మా లెక్కలోనిదే. ఈ చరిత్రము వ్రాయుటకు మాకు గల అధికారము, ఆ బాకీ మాత్రమే. బాకీదారుడు లెక్క వ్రాసి సభముందు పెట్టుట మర్యాద.

అంత్యనిష్ఠురముకన్న ఆదినిష్ఠురము మేలందురు. మేము ఆదిని చేయలేదు గనుక అంత్యముననైన చేయుచున్నాము. 2023 నవంబరు 16 నాటికి కాంతారావుగారు పుట్టి నూఱేండ్లు నిండినవి. వారి నాటకముల దినములను కన్నులార చూచినవారు ఇపుడు అరుదు. వారి జానపద చిత్రములను డేరా టాకీలలో చూచినవారు ఇంకను మన నడుమ ఉన్నారు. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగరు, మిర్యాలగూడ ప్రాంతముల పాత పెట్టెలలో నాటి పాటలపుస్తకములు, కరపత్రములు, ఛాయాపటములు ఉండకపోవు. ఎలుకలకు ఆహారమగుటకు ముందే వానిని వెలికితీయవలెను. మహాసభ జరుగు దినములలో సభామంటపము ప్రక్కన ఒక బల్ల వేయించుచున్నాము. ఎవరియొద్ద ఏమున్నను తెచ్చి చూపిన, ప్రతి తీయించుకొని మూలమును వారికే తిరిగి ఇచ్చెదము. తెచ్చుటకు ఏమియు లేనివారు, ఏ ఊరిలో, ఏ యేట, ఎవరితో కూడి ఏ చిత్రము చూచిరో ఆ బల్లయొద్ద చెప్పిన వ్రాసికొనుటకు ఇద్దరు కుఱ్ఱవారు కూర్చుండియుందురు. కులభేదము లేక, గ్రామభేదము లేక, ఎవరు వచ్చి చెప్పినను వ్రాసికొనవలెనని వారికి చెప్పియుంచితిమి.